వంటింటి కిటికీ ఎత్తు: కార్చిచ్చు తర్వాత జాస్పర్‌లో ఒక అరోరా ఫోటో (కేస్ స్టడీ)

2024 అక్టోబరు 10 రాత్రి మా వాట్సాప్ గ్రూపులన్నీ ఎరుపు, ఆకుపచ్చ ఆకాశాలతో నిండిపోయాయి. అరోరా, అంటే ధ్రువాల వైపు రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగు. ఆ రోజు సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను జి4 స్థాయిది, ఐదు మెట్ల కొలతలో నాలుగోది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో కూడా జనం ఇళ్ళలోంచి బయటికొచ్చి తలలెత్తి చూశారు. నేను కెనడాలోని ఎడ్మంటన్‌లో మా పెరట్లో ట్రైపాడ్ వేసుకుని ఉన్నాను. పదకొండు దాటాక ఒక మెసేజ్ వచ్చింది.

"ఇక్కడ నా కిటికీకి ఎదురుగా గోడే ఉంది. ఈ రాత్రి మా వంటింట్లోంచి ఎలా ఉండేదో నువ్వు చెప్పగలవా?"

రాసినావిడ జాస్పర్‌లో నలభై ఏళ్ళు ఉంది. అప్పటికి ఎనభై కిలోమీటర్ల అవతల హింటన్‌లో ఒక అద్దెగదిలో ఉంటోంది. జులైలో వచ్చిన కార్చిచ్చులో ఆవిడ ఇల్లు కాలిపోయింది. ఆ ఇంటి కింది అంతస్తులో రెండు గదులు పర్యాటకులకు ఇచ్చేది. మేము ఎనిమిదేళ్ళుగా లాంగ్ వీకెండ్ వస్తే చాలు, అక్కడే దిగేవాళ్ళం. నేను రాత్రి ఆకాశం ఫోటోలు తీయడం, నలుగురైదుగురికి నేర్పడం వృత్తిగా చేసుకున్నవాణ్ణి. అలా మొదలైన పరిచయం. మా అమ్మాయి ఆవిడ వంటింట్లో నిలబడే నడక నేర్చుకుంది.

ఆ మెసేజ్‌కి సమాధానం ఇవ్వడానికి నాకు పదకొండు నెలలు పట్టింది. ఇది ఆ పదకొండు నెలల పని. ఎక్కడ తప్పు చేశానో, ఏ లెక్క పనికొచ్చిందో అన్నీ రాస్తున్నాను. కాలిపోయిన ఊళ్ళోకి కెమెరా పట్టుకుని వెళ్ళేవాళ్ళకి ఇలాంటి వివరాలు ఎవరూ చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు.

ఊరు, మంట

జాస్పర్ కెనడాలో ఆల్బర్టా పశ్చిమపు అంచున, రాకీ పర్వతాల మధ్య అథబాస్కా నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. జనాభా ఐదు వేల లోపే. నేషనల్ పార్కు లోపల ఉంది కాబట్టి నేల ప్రభుత్వానిది, జనం లీజు మీద ఇళ్ళు కట్టుకుంటారు. అక్కడ పనో వ్యాపారమో ఉన్నవాళ్ళకే నివాసం ఉండే హక్కు. వేసవి సెలవులకని ఇల్లు కొనుక్కునే వీల్లేదు. అందుకే ఊరంతా ఒకరికొకరు తెలుసు. పెట్రోలు బంకులో కనిపించినాయనే సాయంత్రం మంచు మీద హాకీ ఆడుతూ కనిపిస్తాడు.

రాత్రిళ్ళ విషయానికొస్తే, 2011లో కెనడా రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఈ పార్కుని డార్క్ స్కై ప్రిజర్వ్‌గా ప్రకటించింది. అంటే కృత్రిమ వెలుతురుని అదుపులో ఉంచి రాత్రి చీకటిని కాపాడే చోటు. పదకొండు వేల చదరపు కిలోమీటర్ల చీకటి. ఏటా అక్టోబరులో ఆకాశం పేరుతో ఇక్కడ ఒక పండగే జరుగుతుంది. అరోరా కోసం ఉత్తర కెనడాలోని యెల్లోనైఫ్‌కో ఐస్‌ల్యాండ్‌కో వెళ్ళాలనుకుంటారు గానీ, భూమి అయస్కాంత క్షేత్రపు అక్షం కెనడా వైపు ఒరిగి ఉండడం వల్ల 53 డిగ్రీల అక్షాంశంలోనే ఇక్కడ మంచి అరోరా దొరుకుతుంది. అదే అక్షాంశంలో ఉన్న యూరప్ ఊళ్ళకు ఆ అదృష్టం తక్కువ.

2024 జులై 22 సాయంత్రం ఊరికి ఉత్తరాన, దక్షిణాన మంటలు లేచాయి. రాత్రి పదింటికి ఊరు ఖాళీ చేయమన్నారు. ఊళ్ళో వాళ్ళు, పర్యాటకులు కలిపి పాతిక వేల మంది. తూర్పు రోడ్డు మంటలతో మూసుకుపోవడంతో అందరూ పడమర వైపు, బ్రిటిష్ కొలంబియాలోకి వెళ్ళారు. ఆవిడ కారులో ఒక పిల్లి, మందుల డబ్బా, ఒక స్వెట్టరు ఉన్నాయి. "రెండ్రోజుల్లో వచ్చేస్తాను కదా అని గిన్నెలు సింకులోనే వదిలేశాను" అని తర్వాత ఎన్నిసార్లు చెప్పిందో. ఇల్లు పోయిందన్న మాట కంటే ఆ గిన్నెల మాటే ఎక్కువసార్లు వస్తుంది ఆవిడ నోట.

24వ తేదీ సాయంత్రానికి గాలి తోడై దక్షిణం నుంచి మంట ఊరిని తాకింది. ఊళ్ళో ఉన్న 1,113 కట్టడాల్లో 358 కాలిపోయాయి. పడమటి వైపు కేబిన్ క్రీక్ ఇళ్ళు వరుసలకు వరుసలే పోయాయి. ఆసుపత్రి, స్కూళ్ళు, రైల్వే స్టేషను నిలబడ్డాయి. అడవి 32 వేల హెక్టార్లకు పైగా కాలింది. ఆ పార్కులో గత వందేళ్ళలో ఇంత పెద్ద మంట లేదు. బీమా నష్టం తొలి అంచనాయే 88 కోట్ల డాలర్లు. ఊరి వాళ్ళు తిరిగి అడుగుపెట్టింది ఆగస్టు 16న, అదీ చాలామందికి ఇల్లు లేకుండా.

కారణాల్లో ఒకటి మాత్రం చెప్పాలి. మంటకు ముందు ఓ పదేళ్ళుగా ఆ లోయలో పైన్ చెట్లను మౌంటెన్ పైన్ బీటిల్ అనే పురుగు చంపుతూ వచ్చింది. కొండవాలు మీద పచ్చగా ఉండాల్సిన చెట్లు ఇటుక రంగుకి తిరిగి, తర్వాత బూడిద రంగులో ఎండిపోయి నిలబడేవి. పగలు ఫోటోల్లో అది అందంగానే ఉండేది. నేనూ తీశాను. నేను తీసిన ఆ అందం ఎండుకట్టెలదని ఇప్పుడు చూస్తే తెలుస్తోంది.

మొదటి తప్పు

మెసేజ్ వచ్చిన వారంలోనే జాస్పర్ వెళ్ళాను. ఎడ్మంటన్ నుంచి నాలుగు గంటల ప్రయాణం. మా అన్నయ్య కొడుకు చదువు కోసం వచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు, వాణ్ణి తోడు తీసుకెళ్ళాను. ఆకాశం మామూలుగానే ఉంది, ఉత్తరాన సన్నని ఆకుపచ్చ గీత. ఆవిడ వీధికి రెండు వీధుల అవతల ఒక ఇంటి జాగాలో కాంక్రీటు మెట్లు మాత్రం మిగిలాయి. నాలుగు మెట్లు ఎక్కితే ఎటూ వెళ్ళవు. వాటి పైన అరోరా. ఫ్రేము దానంతటదే కుదిరింది. కంచె బయట నుంచే ట్రైపాడ్ దించి, వైడ్ లెన్స్‌తో ఆరేడు ఫ్రేములు తీశాను.

వెనక నుంచి ఒక మనిషి గొంతు. కోపం లేదు, అలసట ఉంది. "అవి మా నాన్న పోసిన మెట్లు. ఇవాళ వీటితో నీకేం పని?"

క్షమించమని అడిగాను. ట్రైపాడ్ మడిచేశాను. ఆయన ఇంకేం అనలేదు, మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. కారులో కూర్చున్నాక మావాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "బాబాయ్, తిత్లీ అప్పుడు నానమ్మ ఏమందో గుర్తుందా?"

గుర్తుంది. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా తోట కొబ్బరి చెట్లు ఒక్కటి మిగలకుండా పడిపోయాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. కొబ్బరి మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది. ఆ పది రోజులూ ఎవరెవరో వచ్చారు, పడిపోయిన చెట్ల మీద నిలబడి ఫోటోలు తీసుకున్నారు. అమ్మ ఫోన్లో నాతో అన్నది ఒకటే మాట: "వచ్చినోళ్ళందరూ ఫోటోలు తీసుకున్నార్రా, ఒక్కడూ కాసేపు కూకోలేదు."

ఆ మెట్ల ఫోటోలు అదే రాత్రి కార్డులోంచి తీసేశాను. అవి మంచి ఫోటోలు. ఆ వారమే బయటపెట్టి ఉంటే వేలమంది చూసేవాళ్ళు. కానీ ఆ మెట్లు ఎవరివో నాకు తెలిసిపోయింది. తెలిశాక ఉంచుకోవడం కుదరలేదు.

మర్నాడు కెమెరా సంచి హోటల్లోనే వదిలేసి హింటన్ వెళ్ళి ఆవిడ దగ్గర సగం రోజు కూర్చున్నాం. మా ఆవిడ పంపిన పులిహోర తీసుకెళ్ళాం. ఆవిడకు కారం పడదని పచ్చిమిర్చి వేయకుండా చేసింది. ఫోటో మాటే ఎత్తలేదు. లేస్తుంటే ఆవిడే ఎత్తింది. "శిథిలాల ఫోటో నాకొద్దు. అది రోజూ చూస్తూనే ఉన్నాను. నేను సింకు దగ్గర నిలబడి, లైటు ఆర్పేసి, అంట్లు తోముకుంటూ చూసేదాన్ని. అది కావాలి. అక్కణ్ణించే, అంతే ఎత్తు నుంచి."

అడిగింది అదీ. లేని ఇంట్లో, లేని కిటికీలోంచి, ఒక మనిషి కళ్ళ ఎత్తులో ఒక ఫోటో.

ఎక్కడ నిలబడాలి

ఆ వంటింటి కిటికీ ఫోటో ఆవిడ దగ్గర ఒక్కటీ లేదు. ఆల్బములు కాలిపోయాయి, పాత ఫోను కూడా ఇంట్లోనే ఉండిపోయింది. మా ఆవిడ ఫోన్లో దొరికింది. 2022 చలికాలంలో మా అమ్మాయి స్టూలెక్కి సింకు దగ్గర నిలబడి బయటికి చూస్తుంటే వెనక నుంచి తీసింది. కిటికీలోంచి ఎదురింటి పొగగొట్టం, వీధిలో కరెంటు స్తంభం, దూరంగా మంచు పట్టిన పిరమిడ్ కొండ కనిపిస్తున్నాయి.

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. కొండను చూసి చోటు గుర్తుపట్టొచ్చు అనుకుంటారు. పిరమిడ్ కొండ ఊరికి కిలోమీటర్ల దూరంలో ఉంది. మనం పది మీటర్లు పక్కకి జరిగినా దాని ఆకారం మారదు. చోటు చెప్పేవి దగ్గరి వస్తువులు, అవి కూడా జతలుగా. ఒకటి ముందు, ఒకటి వెనక ఉన్న రెండు వస్తువులు ఫోటోలో ఎలా కలుస్తున్నాయో, అలాగే కలిసి కనబడే గీత మీదకి మనం వెళ్ళాలి. అలాంటి జత ఇంకొకటి దొరికితే రెండో గీత వస్తుంది. రెండు గీతలు కలిసే చోటే కెమెరా ఉన్న చోటు.

మా అదృష్టం, ఎదురిల్లు కాలలేదు. ఎందుకు కాలలేదో ఎవరూ చెప్పలేరు. నిప్పురవ్వలు ఒక కప్పు మీద పడతాయి, పక్క కప్పు మీద పడవు. ఫోటోలో కరెంటు స్తంభం ఆ ఇంటి పొగగొట్టం ఎడమ అంచుని సరిగ్గా ఆనుకుని ఉంది. అది మొదటి జత. రెండోది వీధి పేరు బోర్డు, ఆ ఇంటి కప్పు మూల. బోర్డు కాలి వంగిపోతే కొత్తది వేశారు, కానీ అదే గుంతలో పాతారు. ఆవిడ అనుమతితో కంచె లోపలికి వెళ్ళి, గాలికి ఊగకుండా రెండు దారాలు కట్టి, ఆ చోటు పట్టేసరికి పగలంతా పట్టింది. కలిసిన చోట మావాడు ఒక సర్వే కర్ర పాతాడు.

అయితే అది మా ఆవిడ నిలబడిన చోటు. సింకు ముందు నిలబడే మనిషిది కాదు. ఇంటి పాత ప్లాను ప్రకారం కిటికీ వెడల్పు నాలుగడుగులు. ఫోటో వెడల్పులో సగం దాకా కిటికీయే ఉంది. ఫోను లెన్సు కోణం తెలుసు కాబట్టి లెక్క కడితే కెమెరా కిటికీకి దాదాపు 1.8 మీటర్ల వెనక ఉన్నట్టు తేలింది. ఆవిడ సింకు దగ్గర నిలబడితే కళ్ళు కిటికీకి అర మీటరు దూరంలో ఉంటాయి. అంటే కర్ర 1.3 మీటర్లు ముందుకు జరగాలి. జరిపాం.

ఎత్తు ఇంకా కష్టం. శిథిలాలు తీసేటప్పుడు పునాదులతో పాటు మట్టి కూడా తవ్వేసి, మళ్ళీ కంకరతో నింపారు. పాత నేల మట్టం ఎక్కడుందో చెప్పే వస్తువు ఆ జాగాలో లేదు. కానీ వీధి అంచున కాంక్రీటు గట్టు పాతదే. ప్లానులో ఇంటి గచ్చు ఆ గట్టు కంటే 1.3 మీటర్ల ఎత్తున ఉంది. ఆవిడ కళ్ళు గచ్చు నుంచి 1.5 మీటర్లు. ఈ కొలత మాత్రం హింటన్‌లో ఆవిడని గోడకి ఆనించి నిలబెట్టి టేపుతో తీసుకున్నాను. నవ్వింది చాలాసేపు. మొత్తం గట్టు మట్టం నుంచి 2.8 మీటర్లు.

గట్టు మట్టాన్ని ఇరవై అడుగుల దూరంలో ఉన్న కర్ర దగ్గరికి తేవడానికి నేను మా ఊరి తాపీ మేస్త్రీల పద్ధతే వాడాను. పారదర్శకమైన గొట్టంలో బుడగలు లేకుండా నీళ్ళు నింపి, ఒక చివర గట్టు దగ్గర, ఇంకో చివర కర్ర దగ్గర పట్టుకుంటే రెండు వైపులా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. పక్క ప్లాట్లో పనిచేస్తున్న కాంట్రాక్టరు దగ్గర లేజర్ ఉంది. చూసి వచ్చి తన లేజర్‌తో సరిచూశాడు. తేడా నాలుగు మిల్లీమీటర్లు. కర్ర మీద మేము పెన్సిలుతో గీసిన గీత పక్కనే తేదీ రాసి సంతకం పెట్టాడు.

కంకర మట్టం గట్టు కంటే ఇరవై సెంటీమీటర్లు కిందికి ఉంది. అంటే కెమెరా నేల నుంచి మూడు మీటర్ల ఎత్తులో ఉండాలి. ట్రైపాడ్ చాలదు. ఆ కాంట్రాక్టరే ఒక అంతస్తు స్కాఫోల్డింగ్ (పరంజా) అరువిచ్చాడు. డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు.

వెలుతురు గొడవ

ఊళ్ళో అరోరా తీయడం అడవిలో తీసినట్టు కాదు, అందులోనూ కట్టుబడి నడుస్తున్న ఊళ్ళో. కొత్త ఇళ్ళు లేస్తున్న చోట దొంగతనాల భయంతో ఫ్లడ్ లైట్లు పెడతారు. అవి చల్లటి తెల్లటి ఎల్‌ఈడీలు. ఆకాశం మీద పాలు ఒలికినట్టు పరుచుకుంటాయి. పక్క ప్లాట్లో ఉన్న లైటు ఒకటి సరిగ్గా ఉత్తరానికి తిరిగి ఉంది. టెస్ట్ ఫ్రేములో కొండ అంచే కనిపించలేదు.

కాంట్రాక్టరుకి ఆ ఫ్రేము కెమెరా వెనక స్క్రీన్ మీద చూపించాను. వాదించలేదు, అడగలేదు, చూపించాను అంతే. ఆయనా ఆ ఊరి వాడే. మరుసటి వారానికి ఆ లైటుకి పైన రేకు కప్పు వేసి కిందికి వంచి, మనిషి కదిలితేనే వెలిగేలా సెన్సర్ పెట్టాడు. వీధి దీపం ఒకటి మిగిలింది, దాన్ని ఆర్పలేం. లెన్సు ముందు పక్కగా ఒక నల్ల అట్ట పట్టుకుని ఆ కాంతి నేరుగా అద్దం మీద పడకుండా అడ్డుపెట్టాం. అయినా ఫ్రేములో ఎడమ మూల కొంచెం పసుపు ఉంటుంది. ఉండనిచ్చాను. ఆవిడ కిటికీలోంచి కూడా ఆ వీధి దీపం కనిపించేది కదా.

ఎదురుచూపు

మొదటి ప్రయత్నం 2025 మార్చి చివర్లో. విషువత్తుల దగ్గర, అంటే మార్చి, సెప్టెంబరు చివరల్లో, భూమి అయస్కాంత క్షేత్రం సౌర పవనంతో (సూర్యుడి నుంచి వచ్చే కణాల ప్రవాహంతో) సులువుగా ముడిపడుతుంది, అరోరా అవకాశం ఎక్కువ. మేము వెళ్ళిన మూడు రాత్రులూ మబ్బే. మే మధ్య నుంచి జులై చివరి దాకా 53 డిగ్రీల దగ్గర పూర్తి చీకటి పడదు, వెళ్ళీ లాభం లేదు. ఆగస్టులో వెళ్తే ఎక్కడో దూరపు మంటల పొగ. పొగలో అరోరా ఆకుపచ్చ మురికి గోధుమరంగులా కనిపిస్తుంది. ఆ పొగ వాసనకే ఊళ్ళో వాళ్ళ ముఖాలు మారిపోతాయి. హోటల్ రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి ప్రతి పావుగంటకీ తలుపు తీసి బయటికి చూసి వచ్చేది. ఆ రాత్రి కెమెరా బయటికి తీయాలనిపించలేదు.

మధ్యలో ఒక పగలు కాలిన అడవి అంచుకి వెళ్ళాం. మాడిన కాండాల కింద గులాబీ రంగు ఫైర్‌వీడ్ అనే పూలమొక్క మోకాలెత్తు పెరిగింది. లాడ్జ్‌పోల్ పైన్ కాయలు బంకతో మూసుకుని ఏళ్ళ తరబడి చెట్టు మీదే ఉంటాయి, మంట వేడికే విచ్చుకుంటాయి. నేల మీద అరచేతి ఎత్తు మొక్కలు అప్పుడే కనిపిస్తున్నాయి. కొత్తగా ఫోటోలు తీసేవాళ్ళకి మాడిన చెట్ల నల్లటి గీతలు, వెనక అరోరా అంటే చాలా ఇష్టం. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ చెట్ల వేళ్ళు కాలిపోయి ఉంటాయి, గాలి లేకపోయినా పడతాయి. 2024 ఆగస్టు 3న ఈ మంటల దగ్గర పనిచేస్తున్న ఇరవై నాలుగేళ్ళ ఫైర్‌ఫైటర్ చెట్టు మీద పడే చనిపోయాడు. మూసివేసిన బోర్డు ఉన్న చోటికి రాత్రిపూట ఎవరూ వెళ్ళొద్దు. నేను ఎవరినీ తీసుకెళ్ళను. చెట్టు ఎత్తుకి రెండింతల దూరంలో నిలబడితేనే ఫోటో.

మూడోసారి సెప్టెంబరు చివరి వారం. యూనివర్సిటీ ఆఫ్ ఆల్బర్టా వాళ్ళ అరోరావాచ్ అనే హెచ్చరికల సేవ నుంచి సాయంత్రం పసుపు అలర్ట్, గంటన్నరలో ఎరుపు. నేను అలర్ట్ ఒక్కటే నమ్మను. భూమికి పదిహేను లక్షల కిలోమీటర్ల ముందు ఉన్న ఉపగ్రహాలు సౌర పవనాన్ని కొలుస్తాయి. అందులో సౌర పవనపు అయస్కాంత క్షేత్రం ఎటు తిరిగిందో చెప్పే బీజెడ్ అనే అంకె దక్షిణానికి, అంటే మైనస్‌లోకి, తిరిగి నిలబడితేనే లేస్తాను. ఆ కొలత దగ్గర్నుంచి ఇక్కడ వెలుగు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. స్కాఫోల్డింగ్ ఎక్కడానికి అది సరిపోతుంది. చంద్రుడు నెలవంక, తొందరగానే కొండల వెనక దిగిపోయాడు.

24 ఎంఎం లెన్సు. మా ఆవిడ ఫోను కోణానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి అదే ఎంచుకున్నాను. ఇంకా వైడ్‌గా తీస్తే ఆకాశం పెద్దదవుతుంది, కొండ చిన్నదవుతుంది. అది ఆవిడ చూసినది కాదు. లెన్సు ద్వారం ఎఫ్2, కాంతి సున్నితత్వం ఐఎస్‌ఓ 1600. మొదట ఆరు సెకన్లు, తర్వాత తెరలు కదలడం మొదలయ్యాక రెండు సెకన్లు. ఎక్కువ సేపు తెరిస్తే తెరల మడతలన్నీ కలిసిపోయి పచ్చటి పొగలా అయిపోతుంది. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) 3,800 కెల్విన్ దగ్గర కట్టేశాను, ఆటోలో ఉంచితే ప్రతి ఫ్రేముకీ రంగు మారుతుంది. ఫోకస్ ముందే ఒక నక్షత్రం మీద పెద్దది చేసి చూసి పెట్టి, రింగ్ మీద టేపు అంటించాను. స్కాఫోల్డింగ్ మీద ఎవరైనా అడుగు వేస్తే చాలు ఊగుతుంది. అందుకే రిమోట్ పట్టుకుని ఇద్దరం కిందే నిలబడ్డాం.

పన్నెండుంపావుకి పిరమిడ్ కొండ భుజం మీద నుంచి ఒక ఆకుపచ్చ వంపు లేచింది. నూరు, నూటయాభై కిలోమీటర్ల ఎత్తులో ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ. దాని కింది అంచున నైట్రోజన్ గులాబీ మెరుపు రెండు నిమిషాలు. పైన కంటికి లీలగా, కెమెరాకి స్పష్టంగా ఎరుపు. నలభై నిమిషాల్లో 310 ఫ్రేములు. మావాడు కర్ర పట్టుకుని "బాబాయ్, ఇది ఆవిడ చూసేదేనా?" అని అడిగాడు. జవాబు చెప్పలేకపోయాను, గొంతు రాలేదు.

ఒక మాట. రాత్రి ఆకాశం చూసేవాళ్ళు ఊరికే చూసేవాళ్ళు కారు. ఆల్బర్టాలో అరోరా వెంట తిరిగే మామూలు ఫోటోగ్రాఫర్లే, పుస్తకాల్లో లేని ఒక ఊదారంగు పట్టీని ఏళ్ళ తరబడి తీసి, దానికి స్టీవ్ అని పేరు పెట్టారు. 2018లో అది శాస్త్రీయ పత్రికకెక్కింది. ఆవిడ కూడా నలభై ఏళ్ళు సింకు దగ్గర నిలబడి చూసింది. తన కిటికీలో వెలుగు ఎప్పుడు ఎటు మొదలవుతుందో ఆవిడకి తెలుసు. "పొగగొట్టం కుడి పక్క నుంచి మొదలవుతుంది" అని ముందే చెప్పింది. అక్కణ్ణించే మొదలైంది.

తర్వాత

310 ఫ్రేముల్లోంచి ఒకటి ఎంచుకున్నాను. ఫ్రేములు కలపలేదు, కింద భాగాన్ని వేరే ఎక్స్‌పోజర్ నుంచి తెచ్చి అతికించలేదు. కంచె, కంకర, ఎదురింటి నల్లటి కప్పు ఎలా ఉన్నాయో అలాగే. కొండవాలు మీద మాడిన చెట్లు నల్లగా కనిపిస్తాయి, వాటిని వెలుతురుగా మార్చలేదు. ఎరుపుని కూడా కెమెరా చూపించినంత వదల్లేదు, కొంచెం తగ్గించాను. కంటికి ఆ రాత్రి అంత కనిపించలేదు.

సాంకేతికంగా లోపాలున్నాయి. ఎడమ మూల వీధి దీపం పసుపు అనుకున్న దానికంటే ఎక్కువ వచ్చింది. రెండు సెకన్లలో కూడా స్కాఫోల్డింగ్ కొంచెం కదిలినట్టుంది, అంచుల్లో నక్షత్రాలు చుక్కలుగా లేవు. ఇంకోసారి చేస్తే ట్రైపాడ్ కింద ఇసుక సంచులు వేస్తాను.

నాలుగడుగుల వెడల్పున, కిటికీ సైజులోనే మ్యాట్ పేపర్ మీద ప్రింట్ చేయించి హింటన్ తీసుకెళ్ళాం. సింకు ముందు గోడకి టేపుతో అంటించమంది. వాళ్ళింటి సింకు కాదు, ఆ అద్దెగది సింకు. లైటు ఆర్పింది. హాల్లోంచి కొంచెం వెలుతురు వస్తోంది. రెండు కప్పులు కడిగింది, నిదానంగా. తర్వాత ప్రింట్ మీద ఒక చోట వేలు పెట్టి, "ఇక్కడ మా స్ప్రూస్ చెట్టు ఉండేది. అది లేకుండా కొండ ఇంత కనిపించేదే కాదు" అంది. ఆ మాటలో ఉన్నది సంతోషమో బాధో నేను తేల్చుకోలేకపోయాను, అడగలేదు కూడా.

ఆ ఫోటోను ఎక్కడా ప్రదర్శించలేదు. ఆవిడ ఒప్పుకున్న ఒకే ఒక్క చోట, కాంట్రాక్టరు ఫోన్లో, ఉంది. దాన్ని పక్క ప్లాట్ల వాళ్ళకి చూపించి ఫ్లడ్ లైట్లు కిందికి తిప్పమని ఆయనే అడుగుతున్నాడు. నేను చివరిసారి లెక్కపెట్టినప్పుడు ఆ వీధిలో ఆరింటిలో నాలుగు వంగి ఉన్నాయి. మెట్ల జాగా ఆయన్ని కూడా ఒకసారి కలిశాను. ఆయనకి ఏ ఫోటో ఇవ్వలేదు. ఆయన అడగలేదు. మెట్ల గురించి చెప్పాడు, ఓ గంట విన్నాను.

ఆవిడ కొత్త ఇంటి ప్లాను ఈ చలికాలంలో వచ్చింది. మంటకి లొంగని కప్పు, గట్టిపరచిన గాజు, గోడల దగ్గర చెక్క లేకుండా అన్నీ కొత్త నిబంధనల ప్రకారమే. వంటిల్లు మాత్రం దక్షిణం వైపుకి మార్చారు, వెలుతురు బాగుంటుందని. ఆవిడ మాకు ఫోన్ చేసి, కర్ర మీద రాసిన అంకెలు అడిగింది. మావాడు తన ఫోన్లో ఉన్న ఫోటో పంపాడు: గట్టు నుంచి 2.8 మీటర్లు, పెన్సిలు గీత, తేదీ, సంతకం. అవి పట్టుకుని డిజైనర్ దగ్గరికి వెళ్ళి వంటింటిని మళ్ళీ ఉత్తరపు గోడకి మార్పించింది. ఆ గీత కిటికీ గాజుకి ఏ ఎత్తులో వస్తుందో ప్లాను మీద గీయించుకుంది.

కర్ర ఇంకా అక్కడే ఉంది. పునాది తవ్వేటప్పుడు దాన్ని పీకొద్దని, చుట్టూ తవ్వమని మనుషులకి చెప్పింది.